గూకని పొద్దు

గడియారం రాత్రి భోజనాల వేళ అంటోంది. సూర్యుడు మాత్రం షాలేముపేట పడమటి గుమ్మం దగ్గర, గడపకి జానెడు పైన, నిన్న సాయంత్రం ఎక్కడ ఆగాడో అక్కడే ఉన్నాడు. కోళ్ళు గంపల కిందికి పోమని మొరాయిస్తున్నాయి. పొద్దుండగా ఆట మానమనే హక్కు మీకెక్కడిదని పిల్లలు తల్లులతో వాదిస్తున్నారు. పాలవాడు పొద్దుటి పాలు పోయాలో సాయంత్రం పాలు పోయాలో తెలియక రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ తిట్లు తిని పోయాడు.

కెజియా గుడి మేడ మీద నిలబడి ఆ సూర్యుడి వంక ఓరకంట చూస్తోంది. అనుమానం ఆవిడకి పుట్టుకతో వచ్చిన గుణం. ఉప్పు కొంటే ఇసుక కలిసిందేమోనని నాలిక మీద వేసుకుని చూసే మనిషి. అందుకే సంఘ పెద్దలు ఆవిడని ఏరికోరి ఆకాశ కార్యదర్శిని చేశారు. ఆకాశం అమ్మే కంపెనీతో మాట్లాడటానికి అనుమానపు మనిషే మంచిదని వాళ్ళ లెక్క.

ఆ సూర్యుడు అసలు సూర్యుడు కాదని పేటలో పసిపిల్లలకీ తెలుసు. వేడియుగం ముదిరి, కోస్తాలో మనిషి పగటిపూట గడప దాటలేని రోజులు వచ్చినప్పుడు, బాపట్ల నుంచి నిజాంపట్నం దాకా ఊరూరి మీదా మేల్కట్లు లేపారు. మేల్కట్టంటే పెళ్ళి పందిట్లో కట్టే గుడ్డ కాదు. ఉల్లిపొర కన్నా పలచని తెర, ఊరంతటికీ పైన బుడగల మీద తేలుతూ ఉంటుంది. ఎండని పీల్చి దాచుకుని, చల్లార్చి, కావలసినంతే కిందికి వదులుతుంది. గాలిలో తేమని పట్టి వానగా కురిపిస్తుంది. దాని కింద మనిషి బతకొచ్చు, వరి పండించుకోవచ్చు. కాకపోతే అసలు ఆకాశం ఇక కనపడదు. ఆ లోటు తీర్చడానికి కంపెనీవాళ్ళు మేల్కట్టు లోపలి ముఖం మీద ఒక ఆకాశాన్ని చూపిస్తారు. ఏ ఊరికి ఏ ఆకాశం కావాలో ఆ ఊరే ఎంచుకోవచ్చు.

చుట్టుపక్కల ఊళ్ళు పాత ఆకాశాన్నే ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాయి. షాలేముపేట సంఘం మాత్రం వారాల తరబడి కూర్చుని, కీచులాడుకుని, చివరికి 'వాక్యాకాశం' కావాలని తీర్మానం చేసింది. బైబిలులో ఆకాశం ఎట్లా ఉందని రాసి ఉందో అట్లాగే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. భూమి స్తంభాల మీద నిలిచి ఉంటుంది. పైన పోతపోసిన అద్దం లాంటి గట్టి విశాలం, దాని మీద నీళ్ళు, ఆ నీళ్ళకి తూములు. డెల్టా రైతులకి తూములంటే వేరే చెప్పాలా? వాన రోజున ఆకాశపు తూము తలుపులు లేవడం కళ్ళారా చూసి, "మా కాలవ లాకులకన్నా నయం, వేళకి ఎత్తుతున్నారు" అని మురిసిపోయారు. తెల్లవారుతూనే సూర్యుడు తూర్పు గదిలో నుంచి పెళ్ళికొడుకులా బయటికి వచ్చి, విశాలం ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి, పడమటి గుమ్మంలోకి వెళ్ళిపోతాడు.

గ్రంథం చదివి ఆకాశాన్ని నడిపే యంత్రం పేరు 'వాచకి'. దానికి పెద్దలు పెట్టిన ఆజ్ఞ ఒకటే. రాసింది రాసినట్టు చెయ్యి, కలపొద్దు, తియ్యొద్దు. మొదటి ఏడాదే దాని తడాఖా తెలిసింది. ఒకనాడు అది గాలికి అంజూరపు కాయలు రాలినట్టు చుక్కల్ని రాల్చింది. ప్రభువు రాకడ వచ్చేసిందని పేటంతా తెల్లబట్టలు కట్టుకుని మేడలెక్కింది. ఏళ్ళ తరబడి మాటల్లేని తోటికోడళ్ళు కావలించుకుని ఏడ్చారు. తెల్లారి సూర్యుడు మామూలుగా వచ్చేసరికి మళ్ళీ జుట్లు పట్టుకున్నారు. అప్పట్నుంచి అంత్యదినాల గురించి రాసినవేవీ ముట్టుకోవద్దని వాచకికి గట్టిగా చెప్పించారు. సూర్యుణ్ణి ఆపే సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

"మీ వైపే ఏదో మెలిక ఉంది," అంది కెజియా చేతిపలకలో కనిపిస్తున్న కుర్ర ముఖంతో. అతను కంపెనీ ఇంజనీరు అనిరుధ్.

"మా వైపు ఏ లోపమూ లేదు మేడమ్. గ్రంథంలో ఒక సేనాపతి యుద్ధం మధ్యలో సూర్యుణ్ణి ఆగమన్నాడు కదా? ఆగాడు కదా?"

"యెహోషువ. ఆగాడు. అయితే?"

"మీ గుడిలోనూ ఎవరో అట్లాగే ప్రార్థించారు. సూర్యుణ్ణి పిలిచి, ప్రభువు పేరట ఆగమన్నారు. రాసి ఉంది కాబట్టి వాచకి ఆపింది."

గుడిలో వాచకికి ఒక చెవి ఉంది. మంచి శుక్రవారం నాడు ప్రసంగం సిలువ దగ్గరికి రాగానే మిట్టమధ్యాహ్నం చీకటి కమ్మాలి కాబట్టి, ఆ వేళ కనిపెట్టడానికి పెద్దలే దాన్ని గోడలో పెట్టించారు. ఏడాదికి ఒక్కనాడు పనికొస్తుందనుకున్న చెవి ఏడాది పొడుగునా తెరుచుకునే ఉందని కెజియాకి ఇప్పుడు తెలిసింది.

"అట్లాంటి రోజు అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదని కూడా రాసి ఉంది. అది చదవలేదా మీ వాచకి?"

"చదివింది మేడమ్. ఈ ఆకాశానికి ఇదే మొదటిసారి కదా అంటోంది."

"అబ్బో! లాయరుకి పుట్టిందా ఏంది అది? సరే, అడిగిందెవరో చెప్పు."

"చెప్పకూడదు. ప్రార్థన గోప్యం. ఆ చట్టం కోసం కొట్లాడింది మీ సంఘాలే."

"అయితే నువ్వే దించు సూర్యుణ్ణి."

"ఆకాశం మీద మనిషి చెయ్యి పడకూడదని ఒప్పందంలో రాయించుకున్నదీ మీ పెద్దలే మేడమ్. కంగారు పడకండి. ఇంచుమించు ఒక రోజు ఆగాడని రాసి ఉంది. ఆ గడువు ఇంకాసేపట్లో తీరుతుంది. తనే దిగిపోతాడు, దిగేలోపు మళ్ళీ ఎవరైనా అడిగితే తప్ప. పొద్దు గూకలేదు కాబట్టి అదీ ఆ రోజు కిందే లెక్క. ఈలోపు దించాలంటే ఆపిన గొంతే 'ఇక పో' అనాలి."

ముఖం మాయమైంది. కెజియా కింద గుడి ఆవరణలోకి చూసింది. వచ్చే వారం సువార్త మహాసభలు. పందిరికి గుంజలు పాతుతున్నారు. మనుషుల్ని పురమాయిస్తూ పాస్టరు గమలీయేలు అయ్యగారు తెల్ల లాల్చీలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆగిపోయిన సూర్యుడి కింద సభ పెడితే ఒంగోలు నుంచీ, బెజవాడ నుంచీ జనం విరగబడి వస్తారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? 'పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది' అనుకుంది కెజియా.

ఆవిడకి ఇంత మంట ఎందుకంటే, ఆ వెలుగు సూటిగా పోయి పడుతున్నది అక్క ముఖం మీద.

అక్క హెప్సిబా ఇల్లు గుడి వెనకే. ఊపిరితిత్తులు ఎండిపోయి ఆవిడ మంచం పట్టి చాలాకాలమైంది. నిన్న మధ్యాహ్నం డాక్టరు సులోచన గారు వచ్చి చూసి, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "ఈ పొద్దు గూకేదాకా ఉంటే గొప్పే. అందరికీ కబురు చెయ్యండి" అన్నారు. తలుపు ఓరగా ఉంది. ఆ మాట అక్క విన్నది. ఏడవలేదు. ఒళ్ళు తుడిపించుకుంది, తెల్లచీర కట్టించుకుంది, తిట్టినవాళ్ళనీ తిట్టించుకున్నవాళ్ళనీ పిలిచి క్షమాపణలు అడిగింది. సాయంత్రానికి వెళ్ళిపోవాలని సిద్ధపడి పడుకున్న మనిషికి ఆ సాయంత్రమే రాలేదు.

"పొద్దు గూకలా చెల్లీ?" అంది హెప్సిబా, కెజియా లోపలికి రాగానే.

"లేదక్కా."

"ఇందాకా అదే చెప్పావు." కిటికీకి రెండు చీరలు అడ్డం కట్టినా వెలుగు ఆగడం లేదు. "కళ్ళు మూస్తే లోపలంతా ఎర్రగా ఉంటంది. నిద్ర పట్టదు. గూకిందాకా ఉండాలి గదా, చెప్పిన వేళకి ముందే పోకుండా. ఎంతసేపని ఉండేది తల్లీ? రొమ్ము మీద రాయి పెట్టినట్టుంది."

కెజియా కిటికీ చీరల్ని ఇంకాస్త దగ్గరికి లాగింది. ఎవరైతేనేం, ఈ పని చేసినవాడు కనపడితే గొంతు పిసకాలన్నంత కోపం వచ్చింది. మంచం కాళ్ళ దగ్గర నేల మీద బర్నబా బావ కూర్చుని అక్క పాదాలు ఒత్తుతున్నాడు. గుడి గంట కొట్టేది ఆయనే. ఆ గంటకున్న గొంతు ఆయనకి లేదని పేటలో అనుకుంటారు. సంఘంలో ప్రార్థన వంతు తనదాకా వస్తే పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి ముందుకు తోసేస్తాడు. ఇంట్లో దీపాలవేళ ప్రార్థన కూడా అక్కే చేస్తుంది, బావ ఆమేన్ అంటాడు. 'మీ ఆయన ఆమేన్‌కి పెట్టింది పేరు' అని స్త్రీల సమాజంలో అక్కని ఏడిపిస్తూ ఉంటారు.

బావ లేచి కండువా భుజాన వేసుకున్నాడు. "నా వంతొచ్చింది. పోయొస్తా."

గుడిలో అక్క కోసం గొలుసు ప్రార్థన నడుస్తోంది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే సంఘంలో తలా ఒక గంట పంచుకుని, గుడిలో ఒంటరిగా మోకాళ్ళ మీద ఉంటారు. ఒకరు లేచే వేళకి ఇంకొకరు వచ్చి అందుకోవాలి, గొలుసు తెగకూడదు. నిన్న సాయంత్రం కూడా ఒక వంతు బావదే. కెజియా ఆయనతో పాటు గుడి మెట్ల దాకా నడిచింది.

"బావా, లోపల పక్కగదిలోకి అయ్యగారు వచ్చి ఏదన్నా గొణుగుతాడేమో, ఓ చెవేసి ఉంచు. నాకాయన మీదే అనుమానం."

బావ తలూపి లోపలికి పోయాడు. కెజియా మెట్ల మీద కూర్చుని అయ్యగారిని కనిపెట్టసాగింది. కాసేపటికి అయ్యగారు పందిరి పని వదిలి, పక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. 'దొరికాడు' అనుకుంది.

అప్పుడే ఆవరణలో ఒక్కసారిగా కేకలు లేచాయి. సూర్యుడు కదిలాడు. గడువు తీరినట్టుంది, బెత్తెడు కిందికి జారి, పడమటి గుమ్మం గడపని తాకబోతున్నాడు. కోడిపుంజు ఒకటి గంప వైపు పరుగెత్తింది. ఆడవాళ్ళు దీపాలు వెలిగించడానికి లోపలికి తిరిగారు. అమ్మయ్య అని కెజియా లేచి నిలబడింది. ఇంతలో సూర్యుడు మళ్ళీ ఆగాడు. ఆగి, జారిన బెత్తెడూ పైకెక్కి, పాతచోటే నిలబడ్డాడు.

కెజియా పక్క తలుపు ధడాలున తోసింది. అయ్యగారు బల్ల ముందు మోకరించి ఉన్నాడు.

"వందనాలు అయ్యగారూ. మహాసభలకి సూర్యుణ్ణి కూడా గుంజకి కట్టేశారా?"

ఆయన తల ఎత్తాడు. ముఖం పీక్కుపోయి ఉంది. "ఆ మాట నేను నిన్ను అడుగుదామనుకుంటున్నానమ్మా. కంపెనీతో మాట్లాడేది నువ్వు. అక్క మీద ప్రేమతో ఏ మీట నొక్కావో అని నిన్నటి నుంచి నీ వంకే చూస్తున్నాను."

"నా దగ్గర మీటలు లేవు. ప్రార్థన చేస్తే ఆగుతాడంట. మీకన్నా ప్రార్థనాపరుడు ఎవరున్నారు పేటలో?"

ఆయన నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "ప్రార్థనా? నిన్నటి నుంచి దిగిపొమ్మని అడుగుతున్నాను. ఇప్పుడూ అదే అడుగుతున్నాను. కదిలేసరికి నా మాట విన్నాడనే అనుకున్నాను. ఎంత పొంగిపోయానో నీకు తెలియదు." బల్ల అంచు పట్టుకుని లేచాడు. "నలభై ఏళ్ళ సేవ, కెజియమ్మా. నా మాటకి కాదు, ఇంకెవరి మాటకో ఆగాడు. ఆ ఎవరో ఎవరని కడుపు రగిలిపోతోంది. పాపమే. అయినా నిజం."

కెజియా ఆయన్ని పరకాయించి చూసింది. మనిషి దేన్నైనా నటించగలడు గాని ఇంత చిన్నతనాన్ని నటించలేడు. ఆయన కాదు. మరి ఎవరు? ఈ సాయంత్రం రాకపోతే ఎవరికి లాభం? సభలకి కాదు, కంపెనీకి కాదు. పొద్దు గూకేదాకా ఉంటే గొప్పే అన్నారు డాక్టరు గారు. ఆ మాట విన్నది అక్క ఒక్కతే కాదు.

పక్కగదికీ గుడికీ మధ్య ఉన్న తెర తొలగించింది. వేదిక ముందు బర్నబా బావ నేలకి నుదురు ఆనించి ఉన్నాడు.

"బావా! నువ్వా?"

ఆయన తీరిగ్గా లేచి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "డాక్టరమ్మ ఏమంది? పొద్దు గూకేదాకా అంది. గూకకపోతే?"

"అది మాటవరసకన్న మాట బావా!"

"మాటవరసంటే ఏంది? మనం వాక్యం మాటవరసకి చదువుతామా? రాసింది రాసినట్టు, చెప్పింది చెప్పినట్టు అనేగా చిన్నప్పట్నుంచీ మనకి నేర్పింది. నిన్ననగా పోవాల్సిన మనిషి ఇయ్యాళ ఉందిగా? పోయి చూసుకో."

"ఆపింది యంత్రం బావా. ఆ గోడలో ఉన్న చెవి నీ మాట విన్నది. అంతే."

"మేల్కట్టు లేపిననాడు తాడు లాగినోళ్ళలో నేనూ ఉన్నా. నాకు తెలీదంటావా?" అన్నాడు బావ. "ఆ చెవికి వినే బుద్ధి పుట్టించింది ఎవరు?"

కెజియా గోడ వైపు చూసింది. బావ ఆగలేదు.

"ఇన్నేళ్ళూ అందరి ప్రార్థనలకీ ఆమేన్ అని ఊరుకున్నా. నాకంటూ ఒక్కటి అడగలా. ఇదొక్కటి అడిగా. విన్నాడు."

"అక్క నిన్నట్నుంచి కళ్ళు మూయలేదు. చూడలా నువ్వు?"

"చూస్తన్నా. చూస్తా ఉండటానికేగా అడిగింది," అన్నాడు, అని ముఖం తిప్పేసుకున్నాడు.

కెజియా ఏం చెయ్యాలో తోచక అక్క దగ్గరికే పోయింది. చెప్పకూడదనుకుంటూనే అంతా చెప్పేసింది. హెప్సిబా చెల్లెలి వైపు తల తిప్పింది. తర్వాత ఆ ఎండిన ముఖంలో నవ్వు కనపడింది.

"ఆయనా? నోరు తెరిచా?"

"ఆయనే."

"పెద్దగా చేశాడా? ఎంతసేపు చేశాడేంది?"

"నేను వినలా అక్కా."

"ఛా! అదొక్కటీ వినాల్సింది." దగ్గు ఆగాక కెజియా చెయ్యి పట్టుకుంది. "నన్ను గుడికి తీసకపో."

పందిరి వేసేవాళ్ళని పిలిచి, మంచంతో సహా మోసుకుపోయి వేదిక ముందు దించారు. సంగతి అప్పటికే పేటంతా పాకింది. జనం వాకిళ్ళ నిండా నిలబడ్డారు. బర్నబా మంచం దగ్గరికి వచ్చి భార్య పాదాల మీద చెయ్యి వేశాడు.

"ఇదుగో," అంది హెప్సిబా, "దీపాల ప్రార్థన చేసుకోవాలిగా. రోజూ నేను చేస్తే నువ్వు ఆమేన్ అంటావు. ఇయ్యాళ నువ్వు చెయ్యి. నేనంటా."

"చేస్తే పోతావు."

"పోతానయ్యా. నువ్వు ఉండమంటే ఇన్నాళ్ళు ఉన్నాను, నిన్నా ఉన్నాను. ఇంక చేతగావట్లా. నిద్రొస్తంది."

బర్నబా ఏడ్చాడు. పెద్ద మనిషి, పేటంతా చూస్తుండగా ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. ఎవరూ దగ్గరికి పోలేదు. చివరికి పడమటి వాకిలి వైపు తిరిగి, పక్కింటి మనిషికి చెప్పినట్టు అన్నాడు. "సూర్యుడా, ప్రభువు పేరట చెబుతున్నా. ఇంక పోవయ్యా. ఆమెకి నిద్రొస్తంది."

"ఆమేన్," అంది హెప్సిబా.

సూర్యుడు గుమ్మంలోకి దిగిపోయాడు. విశాలానికి వేలాడగట్టిన దీపాల్లా చుక్కలు వెలిగాయి. హెప్సిబా మంచం ఎత్తకముందే నిద్రపోయింది. ఆ నిద్రలోనే, తెల్లారేలోపు, పోయింది.

తూర్పు గదిలో నుంచి సూర్యుడు పెళ్ళికొడుకులా రావడం బర్నబా వాకిట్లో కూర్చుని చూశాడు. "నన్నడక్కుండానే వచ్చావే," అన్నాడు. కెజియా పక్కనే ఉంది. ఆ మాట విని ఊరుకుంది. ఆవిడకి ఏడవడానికే తీరిక లేదు. శవపేటిక, పూలు, బంధువులకి కబుర్లు. గుడి గోడలో ఆ చెవి తీసెయ్యమని కంపెనీకి మాత్రం మరిచిపోకుండా చెప్పింది. రేపు మనిషిని పంపిస్తామన్నారు.

మధ్యాహ్నం మట్టి చేసి, అందరూ ఆదరణ కూడికకి గుడికి వచ్చారు. అయ్యగారు నాలుగు మంచి మాటలు చెప్పాడు. చివర్లో, "కుటుంబంలో ఎవరైనా ప్రార్థన చేస్తారా?" అని మాటవరసకి అడిగాడు. కెజియా లేవబోయింది. ఆవిడకన్నా ముందు బర్నబా లేచాడు.

గుడిలో గుసగుసలు లేచాయి. "పాపం, ఆవిడ పోయాక నోరొచ్చింది," అని ఎవరో ముక్కు చీదారు. కెజియాకి కూడా జాలేసింది. బావ మీద అనుమానపడటం ఆవిడకి ఇంకా అలవాటు కాలేదు.

"తండ్రీ," అన్నాడు బర్నబా, "హిజ్కియా రాజు జబ్బుపడ్డాడు. చస్తావని కబురొచ్చింది. గోడవైపు తిరిగి ఏడ్చాడు. నువ్వు వాక్యంలో రాయించావు, ఎండ గడియారపు మెట్ల మీద నీడని పది మెట్లు వెనక్కి నడిపించావని. ఆయనకి ఇంకొన్నేళ్ళు ఇచ్చావని."

కెజియా చటుక్కున లేచింది. "బావా! వద్దు!" అని కేక పెట్టింది.

"సూర్యుడా, ప్రభువు పేరట, నువ్వు మొన్న ఆగిన చోటికి వెనక్కి పో."

మెట్టు ఎంత ఉండాలో గ్రంథంలో రాసి లేదు. అందుకని వాచకి బర్నబా అడిగినంతా ఇచ్చింది. పడమటి వాకిలి నీడలు ముడుచుకుపోయాయి. అందరూ బయటికి పరుగెత్తారు. పడమటికి వాలుతున్న సూర్యుడు వచ్చిన దారినే వెనక్కి నడిచి, నడినెత్తికి వచ్చి, తూర్పుకి పోయి, పొద్దుట బయటికొచ్చిన గదిలోకి వెళ్ళిపోయాడు. చీకటి పడింది. చుక్కలు వెలిగి తిరుగుదారి పట్టాయి. పిల్లలు తల్లుల కొంగులు పట్టుకున్నారు. అప్పుడు పడమటి గుమ్మం తెరుచుకుని, అందులో నుంచి సూర్యుడు పైకి వచ్చి, గడపకి జానెడు పైన నిలబడ్డాడు. అదే ఎర్రటి వెలుగు. గమలీయేలు అయ్యగారు మోకాళ్ళ మీద కూలబడి, భయంతోనో అసూయతోనో, దేవుడి పేరు తప్ప ఇంకేమీ అనలేకపోయాడు.

బర్నబా ముఖం వెలిగిపోతోంది. ఎవరినీ చూడకుండా ఇంటి వైపు పరుగు తీశాడు. కెజియా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెనకాలే పరుగెత్తింది. ఆవిడ చేరేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మంచం మీద దుప్పటి తీసేసి ఉంది. కిటికీకి కట్టిన చీరల్లో నుంచి వెలుగు ఖాళీ నవారు మీద పడుతోంది.

"హెప్సీ," అని పిలిచాడు, మెల్లగా, నిద్రపోయే మనిషిని లేపుతున్నట్టు.

"బావా, రా, పోదాం," అంది కెజియా. "సూర్యుణ్ణి పొమ్మని చెప్పు బావా. నీకు దణ్ణం పెడతా."

బర్నబా ఆవిడ వంక వింతగా చూశాడు. లోపలికి పోయి, ఎప్పటిలాగే మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"తొందరపడకు కెజియమ్మా. సూర్యుడంటే ఎంతలో వస్తాడు! మీ అక్క నడిచి రావాలిగా. వచ్చిందాకా ఉంచుదాం."